ఆషాఢం పోగానే

మేము ఎనిమిది ఇళ్లకు ఓనర్లం. పెళ్లిళ్లలో మా ఆయన ఈ మాట అంటుంటే వినడానికి చాలా బాగుండేది. విన్నవాళ్లు ముందు ఆయన వైపు గౌరవంగా చూసేవారు, తర్వాత నా మెడ వైపు చూసేవారు. ఎనిమిది ఇళ్లున్న మనిషి మెడలో ఉత్త పసుపుతాడు ఎందుకుందో వాళ్లకు అర్థమయ్యేది కాదు. ఆ ఎనిమిదీ ఇనప డబ్బాలని, అందులో ఒకటో నెంబరు డబ్బాలో మేమే కాపురముంటున్నామని ఆయన చెప్పేవాడు కాదు. పరువు ఇద్దరిదీ కాబట్టి నేనూ చెప్పేదాన్ని కాదు.

చెన్నైలో మాధవరం దాటి రెడ్ హిల్స్ వైపు పోయే రోడ్డులో, లారీ షెడ్ల వెనక మా స్థలం. హార్బర్లో పనికి రాకుండా పోయిన కంటైనర్లను కొని, కిటికీలు కోసి, లోపల ప్లైవుడ్డు కొట్టి, ఒక మూల వంటగట్టు, ఒక మూల బాత్రూము పెట్టి అమ్మేవాళ్లు ఆ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. మా ఆయన వాటిని కేబిన్లు అంటాడు. నేను డబ్బాలంటాను. మా దగ్గర అద్దెకున్నవాళ్లందరూ తమిళులే, వాళ్లు 'కంటైనర్ వీడు' అంటారు. తమిళంలో వీడు అంటే ఇల్లు. తెలుగులో వీడటమంటే వదిలిపోవడం. నాకెప్పుడూ ఆ రెండో అర్థమే నచ్చేది.

మా ఆయన సౌకార్‌పేటలో ఒక కాగితాల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాసేవాడు. కొట్టు యజమాని వయసు మీద పడి దుకాణం మూసేస్తూ, ఇన్నేళ్ల నమ్మకానికని కొంత మొత్తం చేతిలో పెట్టాడు. దాన్ని బ్యాంకులో వేసి ఉన్నంతలో సర్దుకుని ఉండొచ్చు. కానీ ఈయన ఫోన్లో ఒక వీడియో చూశాడు. ఏదో దేశంలో ఒకాయన చక్రాల ఇళ్లు వరసగా నిలబెట్టి, అద్దెకిచ్చి, తాను సముద్రం ఒడ్డున కుర్చీలో కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"చూస్తివా, వాడు పడుకోనుండాడు, అద్దెలు వాటంతటవే వస్తా ఉండాయి" అన్నాడు మా ఆయన.

ఆ వీడియోను అన్నం తింటూ చూశాడు, చెయ్యి కడుక్కోకుండా మళ్లీ చూశాడు. అప్పుడే నాకు తెలిసిపోవాల్సింది.

మాకు దొరికిన స్థలానికి అప్రూవల్ లేదు, అందుకే చవగ్గా వచ్చింది. ఇటుక పెట్టి కట్టడానికి వీల్లేదు. పునాది లేని డబ్బాలైతే పరవాలేదని అమ్మినవాడు చెప్పాడు, ఈయన నమ్మాడు. "కట్టిన ఇల్లయితే కదలదు, ఇవయితే కష్టమొస్తే క్రేను పిలిచి ఎత్తుకపోవచ్చు" అని నాకు నచ్చజెప్పాడు. నా గాజులు, గొలుసు, చివరికి తాళిబొట్టు గొలుసు కూడా డబ్బాలయ్యాయి. చాలనిదానికి బ్యాంకు అప్పు. ఆర్నెల్లు మనమే ఆడుండి అన్నీ కుదురుకున్నాక మళ్లా పురసవాక్కం వచ్చేద్దామని ఒప్పించి, పెళ్లయినప్పటి నుంచీ ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చేయించాడు. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి మాకక్కడ మూడో ఏడు నడుస్తోంది.

సముద్రం ఒడ్డు కుర్చీ సంగతి అట్లా ఉంచండి, నేను గేటు దాటి ఒక రోజు పూర్తిగా బయట ఉండటానికి లేదు. నీళ్ల లారీ ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడు సంపు మూత తీయడానికి మనిషి కావాలి. మోటారు వేయాలి, ఆపాలి. ఒకరి ఫ్యాను తిరగకపోతే అక్కా, ఇంకొకరి బాత్రూములో నీళ్లు నిలిస్తే అక్కా. ఒకసారి నెల్లూరులో మా పిన్నమ్మ మనవరాలి పెళ్లికని బయలుదేరాం. గూడూరు కూడా రాకముందే మోటారు కాలిపోయిందని ఫోను. తర్వాతి స్టేషన్లో దిగి, పట్టుచీరతోనే ఎదురు రైలెక్కి వచ్చాం. వచ్చిన అద్దెలు వచ్చినట్టే బ్యాంకుకీ నీళ్ల లారీకీ పోయేవి. మధ్యాహ్నం ఆ రేకు గోడల మధ్య ఉడికిపోతూ, ఈ డబ్బాల్లో అద్దెకున్నవాళ్లకైతే విసుగుపుడితే ఖాళీ చేసి పోయే హక్కుంది, ఓనర్ని కాబట్టి నాకది కూడా లేదు కదా అనుకునేదాన్ని.

పురసవాక్కంలో మాదేమీ మేడ కాదు. కానీ మెట్లు దిగితే వీధి ఉండేది. జవుళి కొట్ల లైట్లు, పూల గంపలు, బండ్ల హారన్లు, ఏమీ కొనకపోయినా ఒక చుట్టు తిరిగి వస్తే మనసు తేలికపడేది. అదంతా పోగొట్టుకున్నాక నాకు మిగిలింది నాలుగో నెంబరు అమ్మాయి ఒక్కతే. భర్త లారీ మీద ఉంటాడు, ఈమె పురసవాక్కంలోనే ఒక జవుళి కొట్టులో చీరల సెక్షన్‌లో పని చేస్తుంది. సాయంత్రం బస్సు దిగి రాగానే నా గుమ్మం ముందు కూర్చునేది. ఈరోజు జనం ఎట్లా ఉన్నారు, మూల మీద మురుకుల బండి ఉందా, వీధి చివర కొత్త కొట్టు తెరిచారా అని నేను అడిగేదాన్ని. కాళ్లు పీకుతున్నా ఓపిగ్గా అన్నీ తమిళంలో వర్ణించి చెప్పేది.

అప్పుడు కొనేవాడొకడు దొరికాడు. గుంటూరు వైపు నుంచి ఈమధ్యే చెన్నై వచ్చి స్థిరపడ్డ రోడ్డు కాంట్రాక్టరు. తడ దగ్గర పెద్ద పని దొరికింది, కూలీలు ఉండటానికి కేబిన్లు కావాలి. ఎనిమిదీ ఒకేసారి తీసుకుంటానన్నాడు. ఆయన చెప్పిన ధరకు బ్యాంకు అప్పు తీరిపోతుంది, పురసవాక్కంలో ఇంటికి అడ్వాన్సు ఇచ్చుకోవచ్చు. ఖాళీ స్థలం అక్కడే పడుంటుంది, దానికి నీళ్లు తోడక్కర్లేదు. మా ఆయన కాసేపు గొణిగాడు గానీ నా మొహం చూసి ఊరుకున్నాడు. నేను ఆ వారమే పోయి జవుళి కొట్ల వెనక వీధిలో మేడ మీద రెండు గదుల ఇల్లు చూసొచ్చాను. వీధి వైపు కిటికీ. ఇంటి ఓనరు తమిళుల ఆడి మాసంలో ఎవర్నీ దించుకోనన్నాడు, ఆడి పోగానే రమ్మన్నాడు. ఆ ఇంటి గురించి నాలుగో నెంబరుకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఏ గోడకు బీరువా, ఎక్కడ దేవుడి పటాలు, అన్నీ.

ఆడిలో ఇల్లు మారరాదన్నది ఈ ఊళ్లో అందరికీ తెలిసిందే. కొత్త ఇంట్లోకి పోరు, ఉన్న ఇల్లు ఖాళీ చేయరు, ఇల్లిచ్చేవాడు ఇవ్వడు. అందుకని అద్దెవాళ్లందరినీ పిలిచి, ఆడి పోగానే ఖాళీ చేయాలని ముందే చెప్పాను. బాధపడ్డారు, అయినా సరేనన్నారు. కాంట్రాక్టరు ఫోన్లో, "ఎప్పటికి ఖాళీ చేయించి ఇస్తారమ్మా?" అని అడిగితే నోటికొచ్చిన తెలుగులో చెప్పాను.

"ఆషాఢం పోగానే తీసుకోండి."

"మంచిదమ్మా, నేనూ అదే అనుకున్నా. ఆషాఢంలో ఎందుకులెండి" అన్నాడాయన. ఇద్దరికీ ఇంత తేలిగ్గా మాట కుదిరిందని సంతోషంగా ఫోను పెట్టేశాను.

ఆడి అమావాస్య మర్నాడు పొద్దున్నే గేటు ముందు క్రేను, దాని వెనక పొడుగాటి లారీ వచ్చి ఆగాయి. కాంట్రాక్టరు చల్లగా నవ్వుతూ దిగాడు. లోపల డబ్బాల నిండా సంసారాలు. దండేల మీద బట్టలు, పొయ్యిల మీద ఇడ్లీ పాత్రలు. ఆయన నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

"ఇదేంటమ్మా, ఎవరూ ఖాళీ చేయలేదు? శ్రావణం వచ్చేసిందిగా."

"ఏ శ్రావణం? ఆషాఢం ఇంకా మూడు వారాలుండాదే."

ఆయన ఫోను తీసి పంచాంగం చూపించాడు. శ్రావణ శుద్ధ పాడ్యమి. నేను లోపలికి పోయి గోడకున్న డైలీ క్యాలెండర్ పీకి తెచ్చి చూపించాను. ఆడి సగం కూడా కాలేదు. ఆయన పంచాంగంలో తప్పు లేదు, నా క్యాలెండర్లో తప్పు లేదు.

మా పుట్టింట్లోనూ అత్తగారింట్లోనూ తమిళం మాట్లాడితే ఆడి, తెలుగు మాట్లాడితే ఆషాఢం. అంతే. ఒకే నెలకు రెండు పేర్లని పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అనుకుంటున్నాను. మా అత్తగారు ఆడి పద్దెనిమిదో రోజున చిత్రాన్నాలు కలుపుతూ "ఈపొద్దు ఆషాఢం పద్దెనిమిది" అనేది, ఒక్కరు కూడా నవ్వలేదు. తాతల ముత్తాతల కాలం నుంచీ ఈ ఊళ్లో తెలుగు పోకుండా కాపాడుకున్నామని మాకు మహా గొప్ప. నెలలు ఎప్పుడు పోయాయో చూసుకోలేదు. ఆంధ్రావాళ్ల ఆషాఢం అమావాస్యతో ముగుస్తుందని, తమిళ లెక్కన నడిచే మాది ఇంకా మూడు వారాలు సాగుతుందని ఆ క్రేను ముందు నిలబడి తెలుసుకున్నాను.

"మీరు తెలుగువాళ్లే కదమ్మా?" అని అడిగాడాయన. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. చెంప మీద కొట్టినట్టయింది.

నాలుగో నెంబరు అమ్మాయి పనికి పోతూ టిఫిన్ బ్యాగుతో ఆగిపోయింది. ఆమెను పక్కకు పిలిచి, మీరందరూ రెండు రోజుల్లో ఎట్లాగైనా సర్దుకోలేరా అని అడిగాను. ఆ మాట అడుగుతున్నప్పుడు నా గొంతు నాకే నచ్చలేదు.

"మీరడిగితే కాదనలేనక్కా. కానీ ఆడిలో ఇల్లెవరిస్తారు? మీ పురసవాక్కం ఓనరే ఇవ్వనన్నాడు కదా" అంది.

కాంట్రాక్టరు తల గోక్కున్నాడు. కూలీలను ఎట్లాగో సర్దుతాను గానీ సైటు ఆఫీసుకు ఈరోజే ఒక కేబిన్ కావాలి, క్రేను అద్దె ఊరికే పోతుంది, ఒక్కటైనా ఖాళీ చేసిస్తే మిగిలినవి మీ నెల పోయాకే తీసుకుంటానన్నాడు. అందరి కళ్లూ ఒకటో నెంబరు వైపు తిరిగాయి.

"మనం తెలుగోళ్లమే కదా. మనకు శ్రావణమేనంట" అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా.

ఎక్కడికి పోతాం అని నేను అడగలేదు. ఇది జారిపోతే మళ్లీ ఇంకొకడు దొరకడన్న భయం ఒక్కటే ఉంది. తీసుకుపొమ్మన్నాను. అరగంటలో తలా ఒక చెయ్యి వేసి మా సామానంతా బయట పెట్టేశారు. క్రేను మా ఇంటిని ఎత్తినప్పుడు నాకు ఏడుపు రాలేదు, నిజం చెప్పాలంటే ఎగిరి గంతేయాలనిపించింది. ముందు డబ్బా పోయింది, దాని వెనకే నేను పోతాననుకున్నాను.

ఆ మూడు వారాలూ మా ఆయన మోటారు రూములో పడుకున్నాడు, నేను నాలుగో నెంబరులో. మా సామాను ఏడు ఇళ్లకు పంచాం. ఫ్రిజ్ రెండో నెంబరులో, బీరువా ఆరులో, గ్రైండరు ఎనిమిదిలో. చీర మార్చుకోవాలంటే ఆరో నెంబరు తలుపు తట్టాలి, వాళ్లు నిద్ర లేవకపోతే నిన్నటి చీరే. ఓనరమ్మ వచ్చిందని వాళ్లు కంగారుగా లేచి కుర్చీ వేసేవాళ్లు. నా ఇంట్లో నేను చుట్టాన్నయ్యాను. అయినా ఓర్చుకున్నాను. నాలుగో నెంబరు నేల మీద చాప వేసుకుని పక్కపక్కన పడుకుని ఇద్దరం పురసవాక్కం ఇంటి కిటికీకి ఏ రంగు కర్టెన్ వేయాలో మాట్లాడుకునేవాళ్లం. ఈమె కొట్టులో తక్కువ ధరకు బిట్లు దొరుకుతాయట, తెస్తానంది.

ఆడి ముగిసి ఆవణి వచ్చింది. కాంట్రాక్టరు రాలేదు. రెండు రోజులు చూసి నేనే ఫోను చేశాను.

"చెప్పడానికే మొహం చెల్లక ఆగానమ్మా. కూలీలు వచ్చేశారు, పని ఆపలేకపోయాం. గుమ్మిడిపూండి దగ్గర ఒక యార్డులో రెడీగా దొరికితే తీసేసుకున్నాం. మీ దగ్గర తీసుకున్నది మాత్రం చాలా బాగుందమ్మా, ఏసీ పెట్టించాం" అన్నాడు.

మంచి మనిషి, ఒక్క పైసా ఎగ్గొట్టలేదు. తిట్టడానికి కూడా కారణం దొరకని మనిషి మీద కోపం ఎట్లా తీర్చుకోవాలో నాకు తెలియదు. దాంతో మా ఆయన మీద తీర్చుకున్నాను. ఆయన చాలాసేపు తల వంచుకుని విని, "నెల పేరు చెప్పింది నువ్వు కదే" అన్నాడు. అది నిజం. అందుకే ఇంకా గట్టిగా తిట్టాను.

ఒక్క డబ్బా అమ్మిన డబ్బులో సగం బ్యాంకు తీసుకుంది, మిగిలింది ఎండిపోయిన బోరు బాగుచేయడానికి సరిపోయింది. పురసవాక్కం అడ్వాన్సుకు దారి లేదు. అద్దెవాళ్లను పిలిచి ఎవరూ ఖాళీ చేయక్కర్లేదని చెప్పాను. వాళ్ల మొహాలు వెలిగిపోయాయి. ఎనిమిదో నెంబరువాళ్లు కేసరి చేసి పంచారు. నేనూ తిన్నాను, ఏం చేయను.

మాకు మాత్రం ఉండటానికి చోటు లేదు. ఏడు డబ్బాలూ నిండుగా ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేసి పొమ్మని మళ్లీ ఎవరితో అనగలను? ఆ సాయంత్రం నాలుగో నెంబరు అమ్మాయి పనినుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా నా పక్కన కూర్చుంది. చాలాసేపు చీర కొంగు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"అక్కా, తప్పుగా అనుకోకండి. మీరు చూసిన ఆ ఇల్లు, మీరు తీసుకోనట్టేనా?"

నేను ఆమె వైపు తిరిగాను.

"మీరు ఖాళీ చేయమన్నాక ఆయనా నేనూ అడ్వాన్సుకు చీటీ పాడి డబ్బు తెచ్చిపెట్టుకున్నాం. నాకు అక్కడైతే ఈ బస్సు బాధ తప్పుతుంది. నేను పోతే ఇది మీకు ఖాళీ అవుతుంది కదా."

ఒళ్లు భగ్గుమంది. ఆ ఇంటి కిటికీ, ఆ మెట్లు, పొద్దున్నే పంపులో వచ్చే నీళ్ల చప్పుడు, అన్నీ ఈమెకు చెప్పింది నేనే. నా నోటితో నేనే చూపించాను. ఆమె అడిగినదాంట్లో తప్పేముంది, నన్ను రోడ్డు మీద పెట్టకుండా ఉండే దారి కూడా అదొక్కటే. ఆమె ఇక్కడే ఉంటే నేను మోటారు రూములో ఉండాలి. నాకు ఒక కప్పు కావాలంటే నేను కోరుకున్న ఇల్లు ఆమెకు ఇవ్వాలి. నేనే ఇంటి ఓనరుకు ఫోను చేశాను. చాలా నమ్మకమైన మనుషులు, మాకు బాగా తెలిసినవాళ్లని చెప్పాను.

మంచి రోజు చూసుకుని ఆమె తెల్లవారుజామునే పోయి అక్కడ పాలు కాచి వచ్చింది. తర్వాత సామానుకని కుట్టియానై అనే చిన్న లారీ తెచ్చింది. మంచం, గ్యాసు, టీవీ ఎక్కించడం అయిపోయింది. మిగతావాళ్లు మా బీరువా, ఫ్రిజ్, గ్రైండరు మోసుకొచ్చి నాలుగో నెంబరులో పెట్టబోతుంటే ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆగండి. అక్క ఇంకా పాలు కాచలేదు. పాలు కాచకుండా సామాను లోపల పెడతారా?"

ఈ ఊళ్లో అద్దె ఇల్లైనా సరే, ముందు పాలు పొంగించాలి, అప్పుడే అది ఇల్లు. ఒకటో నెంబరులో మేము కాచలేదు. ఆర్నెల్ల కోసం పాలెందుకని నేనే వద్దన్నాను. ఇప్పుడూ వద్దన్నాను. మాది కొత్త కాపురం కాదు, ఏదో తాత్కాలికంగా, అని ఏదో చెప్పబోయాను. ఎవరూ వినలేదు. ఎనిమిదో నెంబరావిడ స్టవ్ తూర్పు వైపుకు జరిపింది, ఎవరో కొత్త గిన్నె తెచ్చారు, ఎవరో పసుపు రాశారు. మా ఆయన ఎక్కడినుంచో పాల ప్యాకెట్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆయన మొహంలో అంత సంతోషం కొట్టు మూసినప్పటి నుంచీ నేను చూడలేదు.

అగ్గిపుల్ల నా చేతికిచ్చారు. వెలిగించాను. అందరూ ఆ చిన్న గదిలో గోడలకు ఆనుకుని నిలబడి గిన్నె వైపే చూస్తున్నారు. పాలు అంచు దాకా వచ్చాయి. ఇవి పొంగితే ఇక ఇదే నా ఇల్లు, ఇక్కడే నేనుండిపోతానని నాకు తెలుస్తోంది. మంట తగ్గించాలని చెయ్యి చాచాను.

"చెయ్యి పెట్టకండక్కా, పొంగనివ్వండి" అని నాలుగో నెంబరు అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ప్రేమగానే పట్టుకుంది, గట్టిగా.

పాలు పొంగి స్టవ్ మీదికి జారాయి. వాళ్లందరూ ఆనందంగా ఏదో అన్నారు. మా ఆయన చక్కెర డబ్బా మూత తీస్తూ, తలా ఒక గ్లాసు పోయమన్నాడు.